రాజ్యలక్ష్మి సర్వీసు చివరి బండి

నేను జపాన్‌లో రైలు ఆపబోయి సిగ్గుతో తలవంచుకున్నానని మా ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. రైలు ఆపబోయిన మాట నిజం. తలవంచుకున్న మాట అబద్ధం, మా ఇంట్లో ఆ అలవాటు లేదు. ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు మాకు టోక్యో శివార్లలో ఒక చిన్న స్టేషన్ దగ్గర బస ఇచ్చారు. స్టేషన్ ముందు వందల సైకిళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉండేవి. పక్క సందులో బంగాళాదుంప బొండాల్లాంటివి వేయించే కొట్టు, దాని నూనె వాసన, గేటు పడేముందు మోగే గంట, పట్టాల మీదికి వంగినట్టుండే బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు, ఎవరూ తోసుకోరు. ఒక పొద్దున నేను బండి ఎక్కుతుండగా తలుపులు మూసేముందు వచ్చే పాట మొదలైంది. అప్పుడే మెట్ల మీంచి యూనిఫారంలో ఉన్న స్కూలు పిల్ల ఒకతె పరుగెత్తుకుంటూ దిగుతోంది, వీపు మీద సంచి ఎగిరెగిరి పడుతోంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు, చూసుకునేసరికి నా కుడికాలు బండిలో ఉంది, ఎడమకాలు ప్లాట్‌ఫారం మీద ఉంది. తెల్లటి చేతి తొడుగులు వేసుకున్న స్టేషన్ ఉద్యోగి వచ్చి, నన్ను ముట్టుకోకుండా, నడుం వంచి ఏదో చెప్పాడు. నా వెనక నిలబడిన హిరోమి అనే సహోద్యోగిని నా భుజం మీద చెయ్యి వేసి వెనక్కి లాగింది. తలుపులు మూసుకున్నాయి. బండి వెళ్లిపోయింది, మేమూ ఆ పిల్లా మిగిలిపోయాం. "ఎందుకలా చేశావు?" అంది హిరోమి, పాపం, తనే తప్పు చేసినదానిలా ఎర్రబడి. ఆమెకు చెప్పగలిగింది ఒక్కటే తోచింది. "మాది బస్సుల కుటుంబం" అన్నాను.

మా నానమ్మ పేరున రాజ్యలక్ష్మి మోటార్ సర్వీసు కందుకూరు, కనిగిరి రోడ్ల మీద తిరిగేది. ఆకుపచ్చ బళ్లు, నుదుటన పసుపు గీత. నేను పుట్టేసరికి బళ్లు తక్కువ, పేరు ఎక్కువగా ఉన్న రోజులు. అయినా డీజిలు వాసన పట్టిన షెడ్డూ, అందులో తాతయ్య కూర్చునే పడక కుర్చీ నాకు బాగా గుర్తు. తొలి బండి కదిలేదాకా ఆయన కాఫీ ముట్టేవారు కాదు. టికెట్ తీసుకున్నవాడు ప్రయాణికుడు, రోజూ వచ్చేవాడు మన మనిషి అనేది ఆయన పెట్టిన కట్టుబాటు. రోజువారీ మనిషిని వదిలి బండి కదలకూడదు. బడిపంతులు రాలేదా, సందు మొదట్లో హారన్ కొట్టాలి. పాలామె రాలేదా, క్లీనరును పంపి కనుక్కోవాలి. ఆ మనిషి కనబడగానే కండక్టరు ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి "హోల్డాన్" అంటాడు. ఎక్కాక బండి ఒంటి మీద అరచేత్తో రెండుసార్లు చరిచి "రైట్" అంటాడు. ఆ కాలు నేల మీద ఉన్నంతసేపూ, లోపల కలెక్టరు కూర్చునున్నా డ్రైవరు గేరు వేయడు. యజమాని కొడుక్కి మెట్టు మీద నిలబడడం రావాలని, నాన్న డిగ్రీ అయ్యాక తాతయ్య ఆయన్ను తొలి బండికి కండక్టరుగా పంపారు. ఆ బండి డ్రైవరు మస్తానయ్య. నాన్న కాలు ఎక్కడుందో అద్దంలో చూడకుండానే అతనికి తెలిసిపోయేదట. తర్వాత రూట్లు పోయాయి. పెదనాన్నలు కోర్టుకెక్కారు. బళ్లు ఒక్కొక్కటే పాత ఇనుముగా వెళ్లిపోయాయి. దీని గురించి మా ఇంట్లో ఇంతకన్నా ఎక్కువ మాట్లాడుకోం, ఇక్కడా మాట్లాడను.

న్యూజెర్సీలో ఉన్న అత్తయ్య మాకోసం ఎప్పుడో వేసిన గ్రీన్‌కార్డు పిటిషన్ ఏళ్ల తరబడి నాని, అమ్మా నాన్నా నేనూ వెళ్లేసరికి నాకు కాలేజీ వయసు వచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్లలా మాకోసం అక్కడ ఏ ఉద్యోగమూ ఎదురుచూడడం లేదు. మామయ్య నలుగురినీ అడిగి, ఎడిసన్‌కి దగ్గర్లో ఉన్న ఒక స్టేషన్‌లో కాఫీ, పేపర్లు అమ్మే చిన్న కొట్టులో నాన్నకు పని చూశారు. కొట్టు నడిపేది కాంతిభాయ్ అనే గుజరాతీ ఆయన. పాత ఇటుక భవనం, రెండు ప్లాట్‌ఫారాలు, కిందినుంచి చెమ్మ వాసన కొట్టే సొరంగం దారి. బయట పార్కింగ్ లాటు, ఒక పిజ్జా షాపు, ఒక డ్రైక్లీనర్, పట్టాలకు అవతల మా అపార్ట్‌మెంట్లు. ఆ అపార్ట్‌మెంట్లలో సగం మన తెలుగువాళ్లే. పొద్దున పూట ఆడవాళ్లు నైటీ మీద కోటు వేసుకుని, భర్తలను కారులో దింపి, దిగకుండానే వెనక్కి తిప్పుకుని పోయేవారు. న్యూయార్క్ బండికి ముందు స్టేషన్ అంతా పెర్ఫ్యూమూ, పోపూ కలిసిన వాసన వచ్చేది.

అమ్మ ప్రతిరోజూ అన్నం వార్చిన గంజి దాచి నాన్న తెల్లచొక్కాకు పెట్టేది. అక్కడి ఇళ్లలో ఆరేసుకునే చోటు లేదు. స్నానాల గదిలో కడ్డీకి వేలాడేసి, తెల్లవారకముందే ఇస్త్రీ చేసేది. గంజి కాలుతున్న ఆ వాసనతోనే నాకు మెలకువ వచ్చేది. కొట్లో వేసుకోమని కాంతిభాయ్ ఇచ్చిన యాప్రాన్‌ను నాన్న మడత విప్పకుండా బల్ల కింద పెట్టారు. మెడ వంచకుండా కాఫీ పోసి, మూత నొక్కి, కప్పును మనిషి వైపు తిప్పి పెట్టేవారు. థాంక్యూ అనడం నేర్చుకున్నారు, హావ్ ఎ నైస్ డే అనడం నేర్చుకోలేదు. "వాళ్ల రోజు బాగుంటుందో లేదో నాకేం తెలుసు?" అనేవారు. నేను నెవార్క్‌లో కాలేజీకి అదే బండి ఎక్కేదాన్ని కాబట్టి, అది వచ్చేదాకా పేపర్ల స్టాండు పక్కన నిలబడి పుస్తకం తెరిచి ఆయననే చూస్తుండేదాన్ని. నాన్న ఒకరికి కాఫీ అందించడం చూడాల్సి వచ్చినందుకు నా పళ్లు బిగిసి ఉండేవి. కానీ చూడకుండా వెళ్లిపోవడం అంతకన్నా అవమానం అనిపించేది.

అది న్యూయార్క్‌లో టవర్లు కూలిన తర్వాతి చలికాలం. ప్లాట్‌ఫారాల మీద తుపాకులు పట్టుకున్న పోలీసులు, ముక్కు నేలకు రాస్తూ తిరిగే కుక్కలు. మన రంగు మనుషులు రైల్లో ఫోన్ వస్తే, మన భాష ఎవరికీ వినబడకూడదని కట్ చేసేవారు. అత్తయ్య తన కారుకు జెండా స్టిక్కర్ అంటించుకుని, నాన్నకు జాగ్రత్తలు చెప్పడానికే ఒకరోజు వచ్చింది. "అన్నయ్యా, ప్లాట్‌ఫారం మీద ఊరికే నిలబడబాక. జేబులో చేతులు పెట్టబాక. పోలీసులు ఏదన్నా అంటే ముందు సారీ చెప్పు. కేసు పడిందంటే గ్రీన్‌కార్డులు ముగ్గురివీ పోతాయి, గుర్తుపెట్టుకో." నాన్న అంతా విని, "సారీ ఒక్కటి తప్ప మిగతావి చేస్తాలే" అన్నారు. "ఆ ఒక్కటే ముఖ్యం రా దేవుడా" అని అత్తయ్య అమ్మ వైపు చూసింది. అమ్మ ఇస్త్రీపెట్టె వైపు చూసింది.

ఆ రోజుల్లోనే రమణయ్య కనబడ్డాడు. క్యూలో తన వంతు వచ్చింది, కాఫీ అడగలేదు. తల మీది ఉన్ని టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. "చిన్నబాబు గారూ" అన్నాడు. "నేనండీ, మస్తానయ్య కొడుకుని." వెనక క్యూలో తెలుగువాళ్లు నలుగురైదుగురు ఉన్నారు, అందరి తలలూ లేచాయి. నాన్న అతని ముఖంలోకి చూడలేదు. "షుగర్ కావాలా, వద్దా?" అన్నారు. అతను సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున వచ్చినవాడు, మా అపార్ట్‌మెంట్లలోనే నలుగురితో కలిసి ఉంటున్నాడు. ఆ రోజు నుంచి రోజూ అదే తంతు. టోపీ తీసేవాడు. కప్పు రెండు చేతులతో అందుకునేవాడు. నాన్నకు ఎదురుగా తాగకుండా ప్లాట్‌ఫారం చివరికంటా వెళ్లి, అటు తిరిగి తాగేవాడు. ఆ టోపీని లాక్కుని పట్టాల మీద పారేయాలనిపించేది నాకు. తక్కినవాళ్లెవరికీ నాన్న ఎవరో తెలియదు, తెలియనంతవరకు ఆయన కాఫీ పోసే పెద్దమనిషి. ఇతని వంగిన నడుము ఒక్కటే, ఆయన ఎక్కడినుంచి పడ్డారో రోజూ అందరికీ కొలిచి చూపిస్తోంది.

"పిలిచి ఒకపూట అన్నం పెడదామండీ, ఒంటరిగా ఉన్నాడు" అంది అమ్మ ఒక ఆదివారం.

"యాడ కూర్చుంటాడు?"

"ఇదేం ప్రశ్న? బల్ల దగ్గర."

"కింద కూర్చుంటానంటే నేను చావాల. బల్ల దగ్గర కూర్చుంటే మా నాయన మళ్లీ చావాల. ఎందుకొచ్చిన గొడవ జానకీ."

అమ్మకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నాన్న కిటికీలోంచి స్టేషన్ వైపు చూస్తూ, "వాళ్ల నాయన కూడా నా ముందు టీ తాగేవాడు కాదు. అక్కడ అది మర్యాద. ఇక్కడ వీడు అదే చేస్తా ఉంటే నన్ను కొట్టినట్టుంది" అన్నారు. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ, ఆయన తనకు నొప్పిగా ఉందని చెప్పడం నేను వినలేదు.

చలి ముదిరాక రమణయ్య ముఖం పీక్కుపోయింది. ఒకరోజు కప్పు అందుకుంటూ, ఎవరూ అడగకుండానే చెప్పాడు. "బెంచ్ మీద ఉన్నానండీ, ప్రాజెక్టు లేక. రేపు మిడ్‌టౌన్‌లో క్లయింట్ ఇంటర్వ్యూ. లాస్ట్ ఛాన్స్ అన్నాడు మా ఎంప్లాయర్. ఇది కూడా పోతే టికెట్ బుక్ చేసుకుని వెళ్లిపోవడమేనండీ. మా చెల్లెలి చదువు నా మీదే ఉంది." నాన్న కప్పు మీద మూత నొక్కుతూ, "రేపు ఏ బండికి?" అన్నారు. కాఫీ సంగతి కాకుండా ఆయన అతన్ని అడిగిన మొదటి ప్రశ్న అది. "ఈ బండికేనండీ. దీని తర్వాతది మళ్లీ గంటకి గదా." నాన్న తలూపి, వెనకున్న మనిషి వైపు తిరిగారు.

మర్నాడు మంచు గడ్డకట్టి లాటంతా గాజులా ఉంది. నాన్న వేళకు కాఫీ పోసి, మూత నొక్కి, బల్ల చివర పక్కగా పెట్టారు. ఎవరిదని నేను అడగలేదు. క్యూ కదిలింది, తరిగింది, ఆ కప్పు అక్కడే ఉంది. బండి వస్తున్న చప్పుడు వినిపించింది. నాన్న కప్పు వైపు ఒకసారి, లాటు వైపు ఒకసారి చూశారు. పని వేళలో ఎన్నడూ బల్ల దాటని మనిషి, బల్ల పక్కన అడ్డంగా ఉండే పలక పైకెత్తి బయటికొచ్చి, కోటు కూడా వేసుకోకుండా ఆ తెల్లచొక్కాతోనే ప్లాట్‌ఫారం మీదికి నడిచారు. నేను పుస్తకం మూసి వెనకే వెళ్లాను. జనం ఎక్కేస్తున్నారు. అప్పుడు లాటు అవతలి కొసన రమణయ్య కనబడ్డాడు. నల్ల సూటు, అడుగున నున్నటి తోలున్న బూట్లు. పరుగెత్తబోయి జారి పడ్డాడు. లేచి, నాలుగడుగులు వేసి, మళ్లీ పడ్డాడు.

నాన్న కుడికాలు రైలు గుమ్మంలో పెట్టారు. ఎడమకాలు ప్లాట్‌ఫారం మీదే ఉంది. అరచేత్తో పెట్టె ఒంటి మీద ఒక్కటి చరిచి, "హోల్డాన్" అన్నారు. ఆ గొంతు నేను షెడ్డులో కూడా వినలేదు. లోపల పేపర్లు చదువుతున్నవాళ్లంతా తలలెత్తారు. రైలు కండక్టరు, టోపీ పెట్టుకున్న పెద్దాయన, తల బయటపెట్టి, "ఎక్కుతారా, దిగుతారా సర్?" అన్నాడు.

"వన్ మ్యాన్ ఈజ్ కమింగ్" అన్నారు నాన్న.

"అతనికి ఇంకో బండి ఉంది. కాలు తీయండి."

"హీ ఈజ్ డైలీ."

లోపల ఎవరో ఆడమనిషి భయపడిన గొంతుతో పోలీసును పిలవమంది. పిలవక్కర్లేకపోయింది. పెట్టెను చరిచిన చప్పుడుకే ఒక యువ పోలీసు స్తంభం దగ్గర్నుంచి వచ్చేశాడు, చెయ్యి నడుముకున్న తుపాకి మీద ఉంది. ట్రైన్ దగ్గర్నుంచి జరగమన్నాడు. చేతులు కనబడేలా పెట్టమన్నాడు. అత్తయ్య చెప్పినవన్నీ ఒక్కసారిగా నా నోటిదాకా వచ్చాయి. నాన్న చేతులు రెండూ పైకెత్తారు. కాలు మాత్రం తీయలేదు. చేతులెత్తిన మనిషి, గంజి పెట్టిన చొక్కా, గుమ్మంలో ఒక కాలు. పోలీసు రెండోసారి అరిచాడు. "కాలు తీసెయ్యండి నాన్నా" అన్నాను నేను. ఆయన నా వైపు గానీ, పోలీసు వైపు గానీ చూడలేదు. లాటు వైపే చూస్తూ, డ్రైవరుకు కబురు చెప్పే కండక్టరు గొంతుతో, "మస్తానయ్య కొడుకు పడ్డాడు. లేస్తున్నాడు. వస్తున్నాడు" అన్నారు.

రమణయ్య వచ్చేసరికి మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి ఉంది. ఎత్తిన చేతులు చూసి ఆగిపోయాడు. "ఏందండీ ఇది బాబుగారూ" అన్నాడు.

"ఎక్కు."

"మిమ్మల్ని ఇట్టా వదిలేసి నేనెట్టా..."

"ఎక్కమంటున్నానా. నువ్వు నన్ను చూస్తా నిలబడతావని ఆపలేదు బండి."

అతను ఎక్కాడు. నాన్న కాలు తీసి వెనక్కి జరిగారు. అంతటితో అయిపోవాల్సింది. కానీ ఆయన పైకెత్తిన చేతుల్లోంచి ఒకటి కిందికి దించారు. పోలీసు ఏదో అరిచాడు, నాకు మాటలు వినబడలేదు, అతని మోచెయ్యి వెనక్కి కదలడం ఒక్కటే కనబడింది. నాన్న పెట్టె ఒంటి మీద రెండుసార్లు చరిచారు. "రైట్" అన్నారు. చెయ్యి మళ్లీ పైకెత్తారు. తలుపులు మూసుకున్నాయి. బండి కదిలింది.

ఇటుక గోడకు చేతులు ఆనించి నిలబెట్టి ఆయన జేబులు వెతికారు. తర్వాతి బండికి వచ్చినవాళ్లంతా చూస్తూ పోయారు, రోజూ ఆయన చేతి కాఫీ తాగేవాళ్లు కూడా కళ్లు తిప్పుకుని పోయారు. నేను కదలకుండా పక్కనే నిలబడ్డాను. నాన్న వీపు ఆ గోడకన్నా నిటారుగా ఉంది. మా కార్డులు చూశారు, ఫోన్లు చేశారు, ఇంకో పెద్ద అధికారి వచ్చాడు. "ఆ వచ్చినతను మీకేమవుతాడు?" అని అడిగాడు. మా ఊళ్లో అయితే ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే, మా డ్రైవరు కొడుకు. అది చెబుదామని నేను నోరు తెరిచేలోపు నాన్న అన్నారు. "రెగ్యులర్." ఆ అధికారి ఆయన్ను కాసేపు చూసి, ఇంకోసారి జరిగితే కేసు పెడతామని చెప్పి, కార్డులు తిరిగిచ్చేశాడు. కాంతిభాయ్ మాత్రం వదల్లేదు. వదల్లేడు కూడా. "భాయ్‌సాబ్, కొట్టు నాది, గోడ స్టేషన్ వాళ్లది. రేపట్నుంచి రావద్దు" అన్నాడు, చేతులు జోడించి. నాన్న బల్ల కిందినుంచి యాప్రాన్ తీసి, మడత చెదరకుండా ఆయన చేతిలో పెట్టారు. చల్లారిపోయిన ఆ కప్పును తనే తీసుకెళ్లి సింకులో ఒంపారు.

సాయంత్రం రమణయ్య మా తలుపు కొట్టాడు. బూట్లు వరండాలోనే విప్పి, చిరిగిన ప్యాంటుతో గుమ్మం లోపల నిలబడ్డాడు. అమ్మ నాలుగు పళ్లేలు బల్ల మీద పెట్టింది. కూర్చోమని నాన్న అన్నారు. పర్వాలేదండీ అని అతను అన్నాడు. నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నువ్వు కూర్చునేదాకా నేనూ కూర్చోను. పొద్దుట్నుంచి నిలబడే ఉన్నాను, కాళ్లు పీకుతున్నాయి. ఆలోచించుకో." అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. దోసకాయ పప్పు, అప్పడాలు.

"నాన్నకి ఫోన్ చేశానండీ" అన్నాడు రమణయ్య, పళ్లెంలోకి చూస్తూ. "చిన్నబాబు నాకోసం రైలు ఆపారని చెప్పాను."

"ఏమన్నాడు?"

"హారన్ కొట్టారా అని అడిగాడండీ."

నాన్న నవ్వారు. అమెరికా వచ్చాక ఆయన పళ్లు కనబడేలా నవ్వడం అదే మొదలు. అమ్మ ధైర్యం తెచ్చుకుని, "మరి ఉద్యోగం?" అంది. రమణయ్య అన్నం కలపడం ఆపాడు. "రాలేదమ్మా. అక్కడే చెప్పేశారు." నాకు ఒళ్లు మండింది. ఇందుకా ఆయన గోడకు చేతులు ఆనించింది, ఇందుకా రేపట్నుంచి ఈ ఇంట్లో జీతం లేనిది? నాన్న ముఖంలో మాత్రం ఏమీ మారలేదు.

"బండి అందిందా లేదా?" అన్నారు.

"అందిందండీ."

"అంతవరకే మనది. జానకీ, అబ్బాయికి నెయ్యి వెయ్యి."

రమణయ్య ఆ నెలలోనే వెళ్లిపోయాడు. కొన్నేళ్లకు మళ్లీ వచ్చి, ఇప్పుడు అమెరికాలోనే ఫ్రిస్కో అనే ఊళ్లో ఉంటున్నాడు. నాన్న తర్వాత ఒక గిడ్డంగిలో పనిచేశారు, చివరిదాకా తెల్లచొక్కాతోనే. ఆయన ఇప్పుడు లేరు. ఆ స్టేషన్‌లో కొట్టు ఉన్నచోట ఇప్పుడు టికెట్ యంత్రాలున్నాయి. వాటికి ఎవరు వచ్చారో ఎవరు రాలేదో తెలియదు.

జపాన్ స్టేషన్‌లో హిరోమి ఆ ఉద్యోగితో మాట్లాడి వచ్చి, "తర్వాతి బండి అయిదు నిమిషాల్లోనే ఉందట, అందుకే ఎవరికోసమూ ఆపక్కర్లేదంటున్నాడు" అని చెప్పింది. అది న్యాయమే. పొద్దునకొక్కటే బండి ఉన్న రోడ్డు మీద పుట్టిన మర్యాద మాది. ఎన్ని కావాలంటే అన్ని బళ్లున్నచోట దానికి పనిలేదు. మనుషులు ఒకరికోసం ఒకరు ఆగక్కర్లేకుండా చేసుకోవడమే నాగరికతేమో, నేను కాదనను. ఆ స్కూలు పిల్ల ఊపిరి సర్దుకుని, నా దగ్గరికొచ్చి, నడుం వంచి ఏదో అని, సిగ్గుపడి దూరంగా వెళ్లి నిలబడింది. బండి వచ్చింది. తెల్ల తొడుగుల మనిషి ప్లాట్‌ఫారం ఈ చివర్నుంచి ఆ చివరికి వేలు చూపిస్తూ, ఎవరూ మిగల్లేదని తనకు తానే పైకి చెప్పుకున్నాడు. ఆ పనిని నాన్న మెచ్చుకునేవారు. పిల్ల ఎక్కింది. నేనూ ఎక్కి, వీపు నిటారుగా పెట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాను. తలుపులు మూసుకుంటుంటే, కోటు జేబులో నా అరచెయ్యి రెండుసార్లు కదిలింది.